డైరీలో జరిగిన పాఠాలు

మంగళవారం రెండో పీరియడ్‌కి సోషల్ టీచరు తొమ్మిదో తరగతిలోకి పుస్తకం పట్టుకుని రాలేదు. ఆఫీసు గదిలోని చెత్తబుట్టను చంకన పెట్టుకుని వచ్చింది.

వస్తూనే బల్ల మీద పాత పేపరు పరిచి, బుట్టను దాని మీద బోర్లించింది. నలిగిన కాగితాలు, మూడు కాగితపు టీ గ్లాసులు, సుద్దముక్కలు, ఎండిపోయిన రీఫిలు, తెగిన చెప్పు పట్టీ ఒకటి, అన్నీ గుట్టగా పడ్డాయి. ముందు బెంచీల వాళ్లు ముక్కులు మూసుకున్నారు. వెనక బెంచీల వాళ్లు, పాఠం మొదలైతే తలలు వాల్చేసే బాపతు, లేచి నిలబడ్డారు.

"మూడు రోజులు శిక్షణకి వెళ్లొచ్చారుగా టీచర్, అక్కడ నేర్పింది ఇదేనా?" అన్నాడు మైకు. ఆ పేరు వాడి గొంతుకి తరగతంతా కలిసి పెట్టింది. వాడు గుసగుసలాడినా పక్క తరగతికి వినిపిస్తుంది.

"ఇదే నేర్పారు" అంది టీచరు. అది అబద్ధం కాదు. శిక్షణ ఇచ్చినాయన మొదటి రోజే ఒక చెత్తబుట్ట తెచ్చి వాళ్ల ముందు బోర్లిస్తే, నెరిసిన జుట్లవాళ్లు నలభై మంది చిన్నపిల్లల్లా దాని మీద పడ్డారు. పంతొమ్మిదేళ్లుగా చరిత్ర అంటే పాఠం చదివించి ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయించడమే అనుకున్న ఆవిడకి, ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సయించలేదు. ఇన్నేళ్లూ పిల్లల చేత గీతలు గీయించానా అని మనసు ఒకటే పీకింది.

"నిన్న ఆఫీసు గదిలో ఏం జరిగిందో మనం ఎవరం చూడలేదు. చూసిన సాక్షి ఈ చెత్త ఒక్కటే. దీన్ని అడిగి చెప్పండి. ఊహించి చెబితే ఊరుకోను. ప్రతి మాటకీ ఆధారం చూపించాలి."

అయిదు నిమిషాల్లో బల్ల చుట్టూ సందు లేకుండా పోయింది. ముగ్గురు టీ తాగారు, అందులో ఒకరు చక్కెర వేసుకోలేదు, ఎందుకంటే రెండు గ్లాసుల అడుగునే చీమలున్నాయి, అన్నారు ఇద్దరు. చెప్పు తెగినవాళ్లు ఇంటికి ఎలా వెళ్లి ఉంటారన్న దాని మీద పెద్ద గొడవ జరిగింది. టీచరు ఏదీ చెప్పకుండా "ఎలా తెలుసు? ఎలా తెలుసు?" అని మాత్రం అడుగుతూ తిరిగింది. ఆ పూట తరగతి గదిలో గాలి కూడా మారినట్టనిపించింది ఆవిడకి.

కిటికీ పక్కన ఒక అమ్మాయి మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఒక నలిగిన కాగితాన్ని మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేస్తోంది. ఆ పిల్లని అందరూ లాయరు అంటారు. రెండో తరగతి నుంచీ ఆ పిల్లతో వాదించి నెగ్గినవాళ్లు లేరు.

"టీచర్, ఇది మన క్లాసు టైంటేబులు" అంది లాయరు. "కానీ ఇప్పుడున్నది కాదు. ఇందులో సోమవారం రెండో పీరియడ్ లెక్కలు. గురువారం ఆఖరి పీరియడ్ కూడా లెక్కలే. ఆ రెండూ మన సోషల్ పీరియడ్లు కదా?"

టీచరు కాగితం తీసుకుని చూసింది. హెడ్మాస్టారి చేతిరాతే. గళ్లు స్కేలుతో గీసి, పెన్సిలుతో నింపి, ఒకచోట తప్పు పడితే కొట్టేసి నలిపి పారేశారు. మంచి ప్రతి వేరే రాసుకుని ఉంటారు. లెక్కలు వారానికి ఆరు నుంచి ఎనిమిదికి పెరిగాయి. సోషల్ ఆరు నుంచి నాలుగుకి తగ్గింది. కింద మూలన ఎర్ర సిరాతో, 'శుక్రవారం, అధికారిణి సంతకానికి' అని రాసి ఉంది.

"ఇందులో కొత్తేముంది?" అన్నాడు మైకు. "ఇన్నాళ్లూ లెక్కల మాస్టారు మన పీరియడ్లు అడిగి తీసుకునేవారు. ఇకనుంచి రాయించుకుని తీసుకుంటారు."

పిల్లలందరూ ఆవిడ ముఖంలోకి చూశారు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే హెడ్మాస్టారి గదికి వెళ్లింది. ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఆ బడిలో ఎవరూ వినలేదు. ఎవరేం చెప్పినా "నిజమే, నిజమే" అంటారు. చివరికి తాను అనుకున్నదే చేస్తారు.

"మా చెత్తబుట్ట ఎత్తుకెళ్లారటగా?" అన్నారు నవ్వుతూ.

"పాఠం కోసం సర్. అందులో ఇది దొరికింది."

ఆయన కాగితం చూసి కొంచెం కూడా తడబడలేదు. "మీతో రేపు చెబుదామనే అనుకున్నాను. పోయినేడాది లెక్కల్లో పదకొండు మంది తప్పారు. సోషల్లో ఒక్కరు తప్పలేదు. అది మీ గొప్పతనం, కాదనను. మరి మునిగేవాడికి కదా తాడు వెయ్యాలి?"

"సోషల్లో ఎవరూ తప్పకపోవడం నా గొప్పతనం కాదు సర్. పరీక్షకి వారం ముందు నేనిచ్చే జవాబులు బట్టీ పట్టి గట్టెక్కుతున్నారు. నెల తిరిగేసరికి ఒక్క ముక్క గుర్తుండదు. అసలు ఆరు పీరియడ్లలో ఆరూ నా చేతికి వస్తే కదా? లెక్కల మాస్టారు తలుపు దగ్గర నిలబడి 'రెండే రెండు లెక్కలు టీచర్ గారూ' అంటే ఇచ్చేస్తున్నాను. జాబితాలు రాయాలంటే మీరు పిలుస్తున్నారు. సగానికి సగం పోతున్నాయి."

"నిజమే, నిజమే" అన్నారాయన. "ఏదీ, మీ బోధనా డైరీ ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆవిడ సంచిలోంచి గోధుమరంగు అట్ట డైరీ తీసి ఇచ్చింది. ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఏ పాఠం చెప్పారో టీచర్లు రాయాల్సిన డైరీ అది. శనివారం అందరూ ఆయన బల్ల మీద పెడతారు. సోమవారం ఆయన సంతకంతో తిరిగి వస్తుంది. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పారు.

"ప్రతి వారం నేనే సంతకం పెట్టాను. ఇందులో ఒక్క పీరియడ్ పోయినట్టు ఎక్కడుందమ్మా? అన్ని పాఠాలూ వేళకి అయిపోయాయి. ఇప్పుడు మీరు సగం పీరియడ్లు పోయాయంటున్నారు. అంటే సగంతోనే సిలబస్ మొత్తం అయిపోయినట్టేగా? నాలుగు చాలని మీ డైరీయే చెబుతోంది."

ఆ డైరీ ఎలా రాస్తారో ఆయనకి తెలుసు. ఆయన కూడా పాతికేళ్లు అలాగే రాశారు. తెలిసీ పెట్టిన మెలిక అది. పోయాయంటే డైరీ అబద్ధం, డైరీ నిజమంటే పీరియడ్లు పోలేదు.

"శిక్షకుల జాబితాలోకి మీ పేరు పంపింది నేనే. శుక్రవారం తనిఖీకి వచ్చే విద్యాశాఖ అధికారిణి మీ పాఠం చూసి అది కూడా ఖాయం చేస్తారు. చక్కగా ఈ చెత్తబుట్ట పాఠమే చెప్పండి, మెచ్చుకుని వెళతారు. ఎందుకమ్మా ఇప్పుడీ తలనొప్పి?"

"శుక్రవారానికి ఆధారాలతో వస్తాను సర్" అని డైరీ తీసుకుని వచ్చేసింది. వెనక్కి తగ్గాలని అనిపించలేదు.

*

బుధవారం నల్లబల్ల మీద మూడే మూడు ప్రశ్నలు రాసింది. 'ఈ టర్ములో మన సోషల్ పీరియడ్లు ఎన్ని జరిగాయి? ఎన్ని జరగలేదు? ఎక్కడికి పోయాయి?'

"ఇది పాఠమా, పోట్లాటా టీచర్?" అంది లాయరు.

"పాఠమే. నిన్న చెత్తతో చేసిందే ఇవాళ కాగితాలతో చెయ్యాలి. లెక్కల మాస్టారు చెడ్డవారని రాస్తే సున్నా వేస్తాను. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని కాదు, ఏం జరిగిందని అడిగాను."

అలా అందే గానీ, ఆవిడ కడుపులో మాత్రం లెక్కల మాస్టారి పేరు పెద్దక్షరాలతో తేలుతుందన్న ఆశే ఉంది.

ఆ బడిలో ఒక నియమం ఉంది. ఏ నోట్సులోనైనా ప్రతి పేజీకి కుడి మూలన తారీకు వెయ్యాలి. వెయ్యకపోతే టీచర్లు దిద్దరు. పిల్లలకి విసుగు పుట్టించే ఆ నియమమే ఇప్పుడు అక్కరకొచ్చింది. బెంచీలు గోడకి జరిపి, నేల మీద ఒకవైపు సోషల్ నోట్సులు, మరోవైపు లెక్కల నోట్సులు వరసగా పరిచారు. మైకు తారీకు చదువుతాడు. సోషల్ నోట్సులో ఆ తారీకు ఉంటే ఒక గీత. లేకపోతే లెక్కల నోట్సులో ఆ రోజు ఎన్ని పేజీలున్నాయో చూడాలి. ఒక పీరియడ్‌కి మించిన లెక్కలు కనిపిస్తే, సోషల్ పీరియడ్ ఎటు పోయిందో తెలిసినట్టే. ఒక్కరి నోట్సు నమ్మకూడదని కనీసం అయిదుగురివి పోల్చారు. సరిగ్గా రాయని వాడి నోట్సు కంటే ఆ వారం బడికే రానివాడి నోట్సు ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టింది. దాని మీద పావుగంట వాదన నడిచింది. టీచరు గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. తనని పిలిచినవాళ్లు లేరు, తన అవసరమూ ఎవరికీ కనిపించలేదు. పాఠం చెప్పకుండా ఇంత పాఠం జరగడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదటిసారి.

గంటకి ముందు లాయరు చార్టు కాగితంతో వచ్చింది. "టీచర్, ఒక్క ఆధారం చాలదని మీరే చెప్పారు. మా నోట్సులు మేం రాసినవి. టైంటేబులు గోడ మీదుంది. మూడోది మీ డైరీ కావాలి."

ఇంత దూరం ఆలోచించిన టీచరు ఆ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

"రేపు చూద్దాంలే" అంది.

*

సాయంత్రం ఇంట్లో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. భర్త డ్యూటీ దిగి వచ్చి చొక్కా విప్పకుండానే టీ తాగుతున్నాడు. బస్సు డిపోలో టైమ్ కీపరు అతను. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి కదిలిందో రాయడమే అతని పని. టీచరు జరిగిందంతా చెప్పింది. హెడ్మాస్టారి మెలిక దగ్గరికి వచ్చేసరికి అతనికి నవ్వాగలేదు.

"నీ ఆదివారం జోస్యం పట్టుబడిందన్నమాట!"

ఆవిడ ఆదివారం భోజనాలయ్యాక కూర్చుని రాబోయే వారానికి సరిపడా డైరీ మొత్తం ఒక్కసారే రాసేస్తుంది. సోమవారం నదులు, మంగళవారం నదుల ఉపయోగాలు, బుధవారం అభ్యాసం. ఆ పీరియడ్ జరిగినా, జరగకపోయినా నదులు పారుతూనే ఉంటాయి. దానికి అతను పెట్టిన పేరే ఆదివారం జోస్యం.

"వేళాకోళం చాల్లెండి. అందరూ అలాగే రాస్తారు."

"అదే నేనూ అంటున్నా అమ్మాయ్" అంది అత్తగారు కత్తిపీట మీదనుంచి తలెత్తకుండా. "ఊరందరికీ లేనిది నీ ఒక్కదానికే ఎందుకు? ఆ పుస్తకం పిల్లల చేతికిచ్చి నీ పరువు నువ్వే తీసుకుంటావా? శిక్షకురాలివైతే నాలుగూళ్లు తిరిగొచ్చేదానివి. పేరు కొట్టేస్తారు, చూస్కో."

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. నిజానికి శిక్షకుల జాబితా ఆవిడ రెండు రోజులుగా మనసులో దాచుకుని మురిసిపోతున్న సంగతి. అందరి ముందూ చెత్తబుట్ట బోర్లించి "ఎలా తెలుసు?" అని అడిగే తనని తాను ఎన్నిసార్లు ఊహించుకుందో.

"మీరైతే ఏం చేస్తారు?" అంది భర్తతో.

అతను గ్లాసు కింద పెట్టాడు. "నాకు మీ గొడవలు తెలియవు. నా షీట్లో మాత్రం బస్సు రాకపోతే రాలేదనే రాస్తాను. పైవాళ్లు తిడతారు. తిట్టనీ. రాలేదని రాస్తేనే కదా ఆ రూటుకి ఇంకో బస్సు వేసేది? వచ్చిందని రాసి కూర్చుంటే ఎవడేస్తాడు? జనం స్టాపులో నిలబడే ఉంటారు."

లేచి అత్తగారి దగ్గర కత్తిపీట తీసుకుంది. కూర మొత్తం అవసరానికి మించి సన్నగా తరిగింది.

*

ఇంత విన్నా, గురువారం ఆఖరి పీరియడ్‌లో లాయరు మళ్లీ అడిగినప్పుడు, "ఇంట్లో మర్చిపోయానమ్మా" అనే మాటే ఆవిడ నోటివెంట వచ్చింది. డైరీ సంచిలోనే ఉంది. లాయరు "సరే టీచర్" అని వెళ్లిపోయింది. ఆ పిల్ల వాదించకుండా వెళ్లిపోవడమే ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

బడి వదిలాక తలుపులు వెయ్యడానికి తరగతిలోకి వెళ్లింది. చార్టు గోడకి అంటించి ఉంది. గళ్లన్నీ నింపేశారు. మొదటి ఆధారం, టైంటేబులు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు, నమ్మవచ్చా. రెండో ఆధారం, నోట్సులు. అవే ప్రశ్నలు, పొందికగా జవాబులు. మూడో గడి దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది.

'టీచర్ డైరీ. రెండుసార్లు అడిగాం. ఇవ్వలేదు. ఇంట్లో మర్చిపోయానని చెప్పారు. కానీ సంచిలో గోధుమరంగు అట్ట కనిపించింది. చూసినవాళ్లు ముందు బెంచీలో ఇద్దరు. నమ్మవచ్చా: చెప్పలేం.'

కోపం కాదు, సిగ్గేసింది. చార్టు ఊడదీసి, కొత్తది రాయించడం ఎంతసేపు? రేపు అధికారిణి వస్తున్నారు, శుభ్రంగా రాయండి అంటే పిల్లలు మారు మాట్లాడరు. ఆవిడ చెయ్యి చార్టు మూల దాకా వెళ్లింది కూడా. అంటించిన టేపు లేస్తే గోడసున్నంతో సహా వచ్చేటట్టుంది.

చెయ్యి దించేసి ముందు బెంచీలో, పిల్లలు కూర్చునే చోట, కూర్చుంది. డైరీ తీసి మొదటి పేజీ నుంచి తిప్పింది. ఆ గుండ్రటి అక్షరాలు తనవే. కొట్టివేత ఒక్కటి లేదు. నిజంగా రోజూ రాసిన డైరీ అంత నున్నగా ఉండదని ఇప్పుడు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఒక తారీకు దగ్గర 'ప్రజలు, ప్రభుత్వం: చర్చాపద్ధతిలో బోధించితిని' అని ఉంది. ఆ రోజు తను ఆఫీసు గదిలో కూర్చుని ఎనిమిది తరగతుల పిల్లల పేర్లు కొత్త ఫారాల్లోకి ఎక్కించింది. మెడ పట్టేసి ఇంటికి వెళ్లాక కాపడం పెట్టించుకుంది. చర్చాపద్ధతి అట!

ఈ పిల్లలకి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. ఇకముందు కూడా ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది చెప్పేసినట్టు రాసేసింది తను. లెక్కల మాస్టారు తీసుకున్నది పీరియడే. అది పోయిన జాడ కూడా లేకుండా చేసింది మాత్రం తనే. ఆ మాట మనసులో పడగానే ఆవిడకి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చింది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని తలుపులు వేసి, గట్టిగా గొళ్లెం పెట్టి బయలుదేరింది.

*

శుక్రవారం అధికారిణి తొమ్మిదింటికే వచ్చేసింది. పొట్టిగా, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని, టీ వద్దంటూ నేరుగా తొమ్మిదో తరగతిలోకి వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చుంది. హెడ్మాస్టారు తలుపు పక్కన నిలబడ్డారు. లెక్కల మాస్టారికి ఆ పీరియడ్ ఖాళీ. హెడ్మాస్టారు రమ్మన్నారు కాబట్టి వచ్చి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆయనకి చలికాలంలో కూడా చెమట పడుతుంది.

టీచరు చెత్తబుట్ట తేలేదు. సంచిలోంచి డైరీ తీసి లాయరు బెంచీ మీద పెట్టింది.

"నిన్న ఇంట్లో మర్చిపోయానని చెప్పాను. అది నిజం కాదు. మీ ముందు బెంచీ వాళ్లు చూసిందే నిజం. ఇదిగో మీ మూడో ఆధారం. ఇప్పుడు పోల్చండి."

హెడ్మాస్టారు తలుపు పక్కనుంచి ఒక అడుగు ముందుకి వేసి ఆగిపోయారు.

లాయరు డైరీ తెరిచింది. మైకు లేచి నోట్సుల జాబితా చదివాడు. గది దాటి వరండా చివరిదాకా వినిపించింది. "టర్ములో సోషల్ పీరియడ్లు మొత్తం అరవై ఎనిమిది. నోట్సుల ప్రకారం జరిగినవి నలభై ఒకటి. జరగనివి ఇరవై ఏడు. అందులో లెక్కలకి పోయినవి పదిహేడు. మా క్లాసు లీడరు రాసుకున్నదాని ప్రకారం టీచరు ఆఫీసు గదిలో రాతపని చేసినవి ఆరు. ఎటు పోయాయో తెలియనివి నాలుగు."

"డైరీ ప్రకారం?" అంది టీచరు.

లాయరు పేజీలు తిప్పి తిప్పి చూసింది. "డైరీ ప్రకారం అరవై ఎనిమిదీ జరిగాయి టీచర్."

"రెండు ఆధారాలు ఒకదానితో ఒకటి కలవకపోతే ఏం చెయ్యాలి?"

"ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అని అడగాలి."

"మరి అడుగు."

ఆ పిల్ల లేచి నిలబడింది. ఎప్పుడూ తడుముకోని పిల్ల ఒకసారి గొంతు సవరించుకుంది. "ఈ డైరీ ఎవరు రాశారు టీచర్?"

"నేనే."

"ఎప్పుడు రాశారు?"

"ఆదివారాలు. పాఠం చెప్పకముందే, వారం మొత్తానికి కలిపి."

"ఎవరి కోసం రాశారు?"

"చూసి సంతకం పెట్టేవాళ్ల కోసం. మీ కోసం కాదు. మీ కోసం రాసుంటే, జరగని పాఠం జరగలేదనే రాసేదాన్ని. అప్పుడు అది మళ్లీ చెప్పాల్సి వచ్చేది. రాయలేదు కాబట్టి ఇరవై ఏడు పాఠాలు మీకు అందలేదు. అవి నా దగ్గర ఎవరూ లాక్కోలేదు. అడిగితే ఇచ్చాను, ఇచ్చి కప్పేశాను. తప్పు నాది."

అధికారిణి కళ్లజోడు పెట్టుకుని చార్టు వైపు చూస్తోంది. హెడ్మాస్టారు జీవితంలో మొదటిసారి "నిజమే" అనడం మర్చిపోయారు.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి లెక్కల మాస్టారు చెయ్యి ఎత్తాడు, తరగతిలో పిల్లాడిలాగే. "నేనొకటి చెప్పవచ్చాండీ? ఆ తెలియని నాలుగులో రెండు నావే. ఆ రోజులు స్లిప్ టెస్టు పెట్టాను. జవాబులు విడి కాగితాల మీద రాయించాను, అందుకే నోట్సుల్లో ఉండవు. కాగితాలు నా బీరువాలో ఉన్నాయి." రుమాలుతో మెడ మళ్లీ తుడుచుకున్నాడు. "నా డైరీ చూసినా ఇదే కథ. ఆరు పీరియడ్లలోనే అంతా చెప్పేసినట్టుంటుంది. ఎనిమిది పట్టిందని నేనెక్కడా రాయలేదు. టీచర్ గారి దగ్గర అడిగి తీసుకున్నవి రాస్తే బాగుండదని మానేశాను."

లాయరు చార్టు దగ్గరికి వెళ్లి పదిహేడు కొట్టేసి పంతొమ్మిది వేసింది. నాలుగు కొట్టేసి రెండు వేసింది. పక్కన చిన్నక్షరాలతో 'సాక్షి: లెక్కల మాస్టారు' అని రాసింది. సోషల్ టీచరుకి ఆయన మీద నాలుగు రోజులుగా పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పిల్లలని బయటికి పంపాక అధికారిణి నలుగురి కోసం నాలుగు కుర్చీలు వేయించి తాను నిలబడే మాట్లాడింది.

"హెడ్మాస్టారు గారూ, ఈ కొత్త టైంటేబులు మీద నేను సంతకం పెట్టను. నాలుగు పీరియడ్లలో ఆరు పీరియడ్ల పాఠం అవుతుందనడానికి మీ సంతకాలతో ఉన్న ఆధారం ఇది ఒక్కటే." డైరీ చేత్తో ఎత్తి చూపించింది. "ఇది ఆధారం కాదని ఇప్పుడే తేలిపోయింది. సోషల్‌కి ఆరు ఆరే. లెక్కలకి ఎక్కువ కావాలంటే బడి వేళలో మరోచోట వెతకండి. జాబితాలు రాయడానికి టీచర్లని తరగతిలోంచి లేపితే, ఆ పీరియడ్ పోయిందని కూడా మీరే నాకు రాసి పంపండి."

"నిజమే, నిజమే" అన్నారు హెడ్మాస్టారు మెల్లిగా.

అధికారిణి సోషల్ టీచరు వైపు తిరిగింది. "మీకు మెమో వస్తుంది. అబద్ధపు రాతలకి సంజాయిషీ ఇవ్వాలి. శిక్షకుల జాబితాలో ఈ ఏడాది మీ పేరు ఉంచలేను. చూసీ చూడనట్టు వదిలేస్తే నేను కూడా ఆదివారం డైరీ రాసినట్టే."

"సరేనండి" అంది టీచరు. బాధ కలిగింది, కలగలేదంటే అబద్ధమే. నాలుగూళ్ల టీచర్ల ముందు నిలబడాలన్న కోరిక కళ్లముందే కొట్టుకుపోయింది. కానీ సోమవారం రెండో పీరియడ్, గురువారం ఆఖరి పీరియడ్ తనవి. ఆ రెండింటిలో ఏ పాఠాలు ముందు చెప్పాలా అని అప్పుడే లెక్క వేసుకుంటోంది. లెక్కల మాస్టారు పక్క కుర్చీలోంచి వంగి, "ఏమీ అనుకోకండి టీచర్ గారూ" అన్నాడు. "మీరు ఎక్కువ అడిగారు, నేను ఎక్కువ ఇచ్చాను, సరిపోయింది" అందావిడ. ఇద్దరికీ నవ్వొచ్చింది.

సోమవారం రెండో పీరియడ్‌లో 'ప్రజలు, ప్రభుత్వం' మొదలుపెట్టింది. తరగతిని మూడు గుంపులు చేసి, బడి ముందు రోడ్డు దాటడానికి గీతలు వేయించాలంటే ఎవరిని, ఎలా అడగాలో తేల్చమంది. అరిచి గోల చేశారు. నిజంగానే చర్చాపద్ధతి. గంట కొట్టాక, పిల్లలు బయటికి పోతుండగానే, డైరీ తీసి ఆ రోజు గడిలో జరిగింది జరిగినట్టు రాసింది. పాఠం సగమే అయిందని, రెండో గుంపుకి మాట్లాడే వంతు రాలేదని కూడా రాసింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి.

తలెత్తేసరికి లాయరు బల్ల పక్కనే నిలబడి ఉంది. చేతిలో తన నోట్సు తెరిచి పట్టుకుంది.

"ఏంటమ్మా?"

"సరిచూడ్డానికి టీచర్. ఇకనుంచి రోజూ చూద్దామని క్లాసులో అనుకున్నాం. మీరు ఒప్పుకుంటేనే."

టీచరు డైరీ తిప్పి ఆ పిల్ల వైపు జరిపింది. లాయరు వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. చదివి, నోట్సుతో పోల్చి, తల ఊపింది. వెళ్లబోయి మళ్లీ ఆగింది.

"అంతా సరిపోయింది టీచర్. కానీ పీరియడ్ మొదలయ్యే గంట కొట్టాక మీరు ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. మెట్ల దగ్గర తెలుగు టీచర్‌తో మాట్లాడుతూ ఉండిపోయారు. అది ఇందులో లేదు."

టీచరు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో వెటకారం లేదు, భయమూ లేదు. పెన్ను మూత మళ్లీ తీసింది. రాసినదాని కింద చోటు చాలక, పక్క అంచులో ఇరికించి రాసింది.

'ఆరు నిమిషాలు ఆలస్యం. కారణం నేనే.'

"ఇప్పుడు?" అంది.

"ఇప్పుడు నమ్మవచ్చు టీచర్" అని లాయరు తన నోట్సు మూసేసింది.